పెద్దకోడలి ఉప్పు చెయ్యి

భరణి కార్తె, ఆదివారం

ఈ దినచర్యలో అత్తగారి ఆరోగ్యం తప్ప ఇంకేమీ రాయకూడదని సంఘం నియమం. కాబట్టి ముందు అది రాసేస్తాను. రంగు ముదురాకుపచ్చ, అంచుల్లో కొంచెం పాలిపోయింది. ఆకలి పరవాలేదు. చెత్త బాగానే తోసింది.

ఇక అసలు సంగతి. ఇవాళ అత్తగారు నా చెయ్యి కాదని జరీనా చెయ్యి పట్టుకుంది.

ఇది ముందుముందు ఎవరి చేతిలో పడుతుందో తెలియదు గనక రెండు ముక్కలు చెప్పుకోవాలి. అత్తగారంటే మనిషి కాదు. విత్తన కేంద్రం వాళ్ళు మా కొత్తలంక కాలువకి ఇచ్చిన జీవచాప. ఆరబెట్టిన గేదె తోలు కన్నా పెద్దది. నీళ్ళలో మునుగుతూ తేలుతూ నూనె జిడ్డూ మందుల మురికీ తినేస్తుంది. తాతల కాలం పాల ప్యాకెట్లనీ షాంపూ ప్యాకెట్లనీ బురదలోంచి పెకలించి రేవు మెట్ల దగ్గరికి తోస్తుంది. అక్కణ్ణించి దంతెలతో లాగి, తట్టలకెత్తి, చెత్త పడవలో పోసేది మేం, ఆదివారం జనం. జీతం లేదు, బత్తెం లేదు. మధ్యాహ్నం రేవు మీద పులిహోర మాత్రం ఉంటుంది.

పని మొదలెట్టే ముందు ప్రతివాళ్ళూ కుడిచెయ్యి నీళ్ళలో పెట్టాలి. ఆవిడ వచ్చి అరచెయ్యి రుచి చూస్తుంది. ఒప్పుకుంటేనే ఆ మనిషి వైపు చెత్త తోస్తుంది, లేకపోతే మొహం తిప్పుకుంటుంది. అన్నిటికీ వంకలు పెడుతుంది కాబట్టి అత్తగారు. మేమందరం కోడళ్ళం, మీసాలున్నవాళ్ళతో సహా.

ఆవిడ మొదట ఎవరి చెయ్యి పడితే వాళ్ళు పెద్దకోడలు. పెద్దకోడలు మొదటి మెట్టు మీద నిలబడి చప్పట్లు కొడితే కాలువలో ఏ మూలనున్నా ఆవిడ కదిలి రావాలి. అరచేతంత ముక్కగా తెచ్చి మూకుడులో పెట్టిన నాడు మొట్టమొదట చెయ్యి ముంచినవాణ్ణి నేను. అప్పట్నుంచీ ఏటా మృగశిరలో, కాలువకి కొత్తనీళ్ళు వదిలే రోజున, ఊరందరి ముందూ ఆవిడ నా చెయ్యే పట్టింది. ఊళ్ళో నన్ను త్రిమూర్తులుగారూ అనేవాళ్ళకన్నా పెద్దకోడలుగారూ అనేవాళ్ళే ఎక్కువ. ఊరగాయలు పెట్టుకుని బతికే మనిషికి అంతకన్నా గొప్ప పేరు ఎక్కడొస్తుంది?

ఇవాళ నేను చెయ్యి ముంచగానే ఆవిడ వచ్చింది. వేళ్ళ కొసల దాకా వచ్చి ఆగింది. నేను నవ్వుతూనే ఉన్నాను. అంతలో పక్కకి తిరిగి, కింది మెట్టు మీద నిలబడ్డ జరీనా చేతిని మోచేతి దాకా చుట్టేసుకుంది.

జరీనా పడవల రేవులో కిళ్ళీకొట్టు నడుపుతుంది. సముద్రం మింగేసిన పాలెం నించి వచ్చి మా ఊళ్ళో తలదాచుకున్న మనిషి. మాలో చేరి నిండా ఏడాది కాలేదు.

“అత్తగారికి చిన్నకోడలు నచ్చేసిందండోయ్!” అని ఏసుదాసు కేకేశాడు. ఏసుదాసు లాకుల తలుపులు ఎత్తీ దించే లస్కరు. మా సంఘానికి పెద్ద కూడా వాడే. రేవంతా ఒకటే నవ్వులు.

జరీనా నాకేసి చూసి, “ఏం అనుకోకండక్కా” అంది. రేవు దిగితే నన్ను అక్కా అంటుంది, తోడికోడళ్ళం కదా. రేవు ఎక్కితే బాబాయ్‌గారూ అంటుంది.

“నేనేం అనుకుంటాను” అన్నాను. అనుకోవలసినవన్నీ అప్పటికే అనేసుకున్నాను.

కృత్తిక కార్తె, బుధవారం

అత్తగారి రంగు తగ్గింది. ఆకలి సంగతి తెలియదు, నా దగ్గరికి వస్తేగా తెలియడానికి.

ఇవి ఆవకాయ రోజులు. మా ఇంటి స్తంభాల మధ్య కట్టేసిన పడవ నిండా మామిడికాయలే. మాణిక్యం కాయ కొడుతోంది, నేను ఉప్పూ కారం ఆవపిండీ కలుపుతున్నాను. మాణిక్యం నా భార్య. ఈ రోజుల్లో నా చేతుల గీతల్లోకీ గోళ్ళ సందుల్లోకీ ఉప్పు దిగిపోయి ఎన్నిసార్లు కడిగినా వదలదు. మధ్యాహ్నం పని ఆపి రేవుకి వెళ్ళాను. ఆదివారం కాకుండా వెళ్ళడం తప్పేమీ కాదు. అత్తగారి బాగోగులు చూడ్డం పెద్దకోడలి బాధ్యత.

మొదటి మెట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టాను. రాలేదు. మళ్ళీ కొట్టాను. పడవలో కూర్చున్నవాళ్ళు ఎవర్నో పిలుస్తున్నాననుకుని వెనక్కి చూశారు గానీ ఆవిడ రాలేదు. వెతుక్కుంటూ పోతే, జరీనా కిళ్ళీకొట్టు కింద నీడలో, గుంజని కావలించుకుని హాయిగా పడుకుని ఉంది. పైన జరీనా తమలపాకులకి ఈనెలు తీస్తూ కూనిరాగం తీస్తోంది.

నాకు కడుపు మండిపోయింది. మూకుడులో ముక్కగా ఉన్నప్పుడు ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని కూర్చున్నది నేను. గుర్రపుడెక్క కింద చిక్కుకుంటే గొంతు దాకా దిగి విడిపించింది నేను. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదే.

“రండి బాబాయ్‌గారూ, తీపి కిళ్ళీ కట్టనా?” అంది జరీనా.

“నా పళ్ళు బాగోలేవు.” నా పళ్ళకేం, ఇనప గుగ్గిళ్ళు నమలగలవు.

“మీ అత్తగారు ఈ వారం అంతా ఇక్కణ్ణించి కదల్టం లేదండి. ఒంట్లో ఏదన్నా తేడా చేసిందేమోనని నాకు భయంగా ఉంది. మీరొకసారి చూడండి.”

ఆ మాటకి ఇంకా మండింది. ఆవిడకి ఒంట్లో ఎలా ఉందో నాకు చెప్పే మనిషా ఈవిడ! “నీ కొట్టు నీడ బాగుందేమో” అని చక్కా వచ్చేశాను.

నిజం చెప్పాలంటే జరీనాలో వంక పెట్టడానికి ఏమీ దొరకదు. అదే నా బాధ. తట్ట నిండా ఎత్తుతుంది. పులిహోర అందరికీ వడ్డించాక తను తింటుంది. పొగరన్నా లేదు, ఉంటే తిట్టుకోవడానికి వీలుగా ఉండేది.

అన్నం దగ్గర మాణిక్యం అడిగింది. “ఏవండీ, మన పెళ్ళయిన కొత్తల్లో ఆ లాంచీ నడిపే సరంగు నా కేసి చూసి ఈలేసేవోడు, గుర్తుందా? అప్పుడైనా ఇంత కుళ్ళుకున్నారా?”

“వాడి ఈలకి నువ్వు తిరిగి చూళ్ళేదుగా.”

“చూశానండీ. మీరే చూళ్ళేదు” అని మజ్జిగ పోసింది.

కృత్తిక కార్తె, ఆదివారం

అత్తగారు ఇవాళ నా చెయ్యి పట్టింది! కానీ మొత్తం రాయాలి.

మొన్న ఎదుటి ఒడ్డున వల బాగుచేస్తున్నవాడి పక్కన కూర్చుని కిళ్ళీకొట్టు మీదే కన్నేసి ఉంచాను. కాపలా అనుకున్నా సరే, నిఘా అనుకున్నా సరే. జరీనా కిళ్ళీ కట్టినప్పుడల్లా సున్నం వేలు వంగి కాలువలో కడుక్కుంటోంది. వేలు నీళ్ళని తాకడమే ఆలస్యం, అత్తగారు కింద నించి లేచి ఆ వేలు చప్పరిస్తోంది.

అదీ సంగతి. ఇదేదో ప్రేమ అనుకున్నాను. లంచం!

ఇవాళ పొద్దున్న అరచేతికి సున్నం దట్టంగా పూసుకుని పిడికిలి బిగించుకుని వెళ్ళాను. నీళ్ళలో పెట్టగానే అత్తగారు ఎగిరొచ్చినట్టు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. జనం ఈలలేశారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సిగ్గు లేకుండా చెబుతున్నాను. కానీ ఆ పట్టు ఎప్పటిలా లేదు. గీరుతున్నట్టుగా, తొందరగా ఉంది. సున్నం అయిపోగానే వదిలేసి వెళ్ళిపోయింది. చూసుకుంటే అరచెయ్యి ఎర్రగా కమిలిపోయింది.

నేనక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. అందరి ముందూ నా సున్నం చెయ్యి ఎత్తి చూపించి, “ఇదిగో చిన్నకోడలి మహిమ!” అన్నాను. “రోజూ సున్నం నాకించి అత్తగారిని బుట్టలో వేసుకుంది. ఈ లెక్కన రేపు మృగశిరలో ఎవరైనా డబ్బా సున్నం తెచ్చుకుని పెద్దకోడలైపోవచ్చు.”

జరీనా మొహం చిన్నబోయింది. “నా చెయ్యి ఎప్పుడూ ఇంతేనండక్కా. మా అమ్మ కొట్టులో కూర్చున్నప్పట్నుంచీ నా వేలికి సున్నం ఉంది. కొట్టు మూసేసి రమ్మంటారా?”

 నేను గెలిచినట్టే ఉంది గానీ అందరూ నా వైపు కాకుండా దంతెల వైపు చూస్తున్నారు. చివరికి ఏసుదాసు తీర్పు చెప్పాడు. వచ్చే ఆదివారం అందరూ బూడిదతో, చింతపండుతో చేతులు తోముకుని రావాలి. ఏ రుచీ లేని ఉత్త చేతులు పెట్టాలి. అప్పుడు ఆవిడ ఎవర్ని మెచ్చితే వాళ్ళని మెచ్చినట్టు.

“ఇప్పుడు నీ కడుపు చల్లబడిందా?” అన్నాడు నాతో పక్కకొచ్చి.

లేదు. కానీ వాడికి చెప్పలేదు.

రోహిణి కార్తె, ఆదివారం

అందరం చేతులు తోముకుని వచ్చాం. నేనైతే తెల్లారగట్టే లేచి చర్మం ఊడేలా తోమాను. వరసగా మెట్ల మీద వంగి చేతులు పెట్టాం. జరీనా చిట్టచివర నిలబడింది, నా మాట ఇంకా గుచ్చుకుంటున్నట్టుంది.

అత్తగారు ఎవరి దగ్గరికీ రాలేదు. నీళ్ళు ఒక్కసారి కదిలాయి. ఆవిడ మెట్టెక్కింది. మా కాళ్ళ మధ్య నించి, పొడి రాళ్ళ మీద నించి, ఒళ్ళు ఈడ్చుకుంటూ పైకి వచ్చేసింది. నేను చూసినంత కాలంలో ఆవిడ నీళ్ళు దాటి రాలేదు. అలా పాక్కుంటూ పోయి, ఈమధ్యే వెల్ల వేసిన పడవల ఆఫీసు గోడకి అతుక్కుపోయింది.

“అత్తగారు అలిగి పుట్టింటికి పోతన్నారండోయ్!” అన్నారెవరో. జనం పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. జరీనా దగ్గరికి మాత్రం పోలేదు కదా అని ముందు నాకు సంతోషమే వేసింది. ఉన్నమాట రాస్తున్నాను.

జరీనా నవ్వలేదు. తడి గోనెపట్టా తెచ్చి, గోడకున్న అత్తగారి మీద కప్పి నీళ్ళు చల్లడం మొదలెట్టింది. ఆ పని నాకెందుకు తోచలేదా అని మళ్ళీ కుళ్ళు. ఆ కుళ్ళుతోనే పట్టా రెండో కొస పట్టుకుందామని దగ్గరికి వెళ్ళాను. అప్పుడు కనబడింది. ఆవిడ పాకిన మేర గోడకి వెల్ల లేదు. లోపలి ఇటుక ఎర్రగా బయటపడింది.

గోడకి చెయ్యి లేదు. గోడ వినయంగా ఉండదు, వడ్డించి తినదు. గోడని మెచ్చుకోవడానికి ఆవిడకి కారణమేమీ లేదు. ఇది మెప్పూ కాదు, లంచమూ కాదు, ఆకలి. ఒళ్ళు కరిగిపోతున్నది సున్నం కోసం దేవుకుంటోంది. కరిగించేది ఒక్కటే ఉంది, దాన్ని నేను రోజూ దోసిళ్ళతో కొలుస్తాను.

బట్టలతోటే కాలువలో దూకాను. పైనీళ్ళు నోట్లో పోసుకుంటే తియ్యగా ఉన్నాయి. మునిగి అడుగు బురద దగ్గర నోరు తెరిచాను. పులుసులో వేసినంత ఉప్పు. ఉప్పు విషయంలో నా నాలుకని ఎవరూ మోసం చెయ్యలేరు.

పైకి వచ్చి చెబితే ఏసుదాసు నమ్మలేదు. “లాకుల దగ్గర ఉప్పు కొలిచే మీటరు బాగానే చూపిస్తోందిగా?”

“మీ మీటరు పైన తేలుతుంది. ఉప్పునీళ్ళు బరువు, అడుగున పాకుతాయి. నువ్వే మునిగి తాగి చూడు.”

వాడు మునిగాడు, ఉమ్ముకుంటూ లేచాడు. ఇన్ని వారాలుగా ఆవిడ ఒళ్ళు పాలిపోయి మూలుగుతుంటే, ఊరు ఊరంతా ఏ కోడలు మంచిదో తేల్చుకోవడంలో పడ్డాం. అందరికన్నా ముందు పడింది నేనే.

రోహిణి కార్తె, సోమవారం

అత్తగారిని జరీనా కొట్టు కింద సున్నపు తొట్టిలో ఉంచాం. కాస్త తేరుకుంది.

ఏసుదాసూ నేనూ పడవ మీద కాలువ చివరికి, ఉప్పు తలుపు దగ్గరికి వెళ్ళాం. సముద్రానికీ మాకూ మధ్యనున్న ఇనప తలుపు అది. తలుపు బాగానే ఉంది. దాని కింద గడప రాయి కోసుకుపోయింది. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం ఆ కంతలోంచి దూరి అడుగున పాక్కుంటూ మా ఊళ్ళోకి వస్తోంది.

కట్టలు చూసే ఆఫీసుకి కబురు పెడితే వానలయ్యాక మనుషుల్ని పంపుతామన్నారు. మృగశిర నెత్తి మీద ఉంది. కొత్తనీళ్ళు మా ఒక్క ఊరి కోసం ఆగవు. వచ్చినప్పుడు తూము మూసుకుంటే మంచినీళ్ళ చెరువు ఏడాదంతా ఎండిపోతుంది. తెరిస్తే అడుగునున్న ఉప్పంతా చెరువులోకి వస్తుంది. కంత పూడితే మాత్రం, సముద్రం వెనక్కి తీసే పాటు సమయంలో తలుపెత్తి ఉన్న ఉప్పుని సముద్రంలోకే వదిలెయ్యొచ్చు.

“లాకు గోడ చిట్లినప్పుడు అత్తగారు ఏం చేసిందో గుర్తుందా?” అన్నాడు ఏసుదాసు. గుర్తుంది. చిట్లిన చోట తన ఒంటి అంచు దూర్చి, సున్నం పెట్టగానే గవ్వలా గట్టిపడింది. ఆ అంచు ఇప్పటికీ అక్కడే ఉంది. కానీ గడప కంతకి అంచు చాలదు. మొత్తం మనిషి కావాలి. మనిషి అని రాశాను, అలాగే ఉండనివ్వండి.

తిరిగి వస్తూ నేనడిగాను. “జీవచాపలు ఉప్పు తగిలిన రోజే రంగు మారి గోల చేస్తాయంటారే. ఇది ఇన్నాళ్ళు ఎందుకూరుకుంది?”

ఏసుదాసు తెడ్డు ఆపి నా చేతుల కేసి చూశాడు. “దీనికి మొట్టమొదట తగిలిన చెయ్యి నీదే కదరా. ఉప్పంటే కన్నతల్లి చెయ్యనుకుంది. ఓర్చుకున్నన్నాళ్ళు ఓర్చుకుంది.”

మిగతా దారంతా నా చేతులు తువ్వాలు కింద పెట్టుకుని కూర్చున్నాను.

అయినా బుద్ధి మారలేదు. ఆవిణ్ణి గడప దాకా నడిపించాలంటే సున్నం చెయ్యి కావాలి. ఆ చెయ్యి నాదే అవుతుందన్నాను. మోచేతి దాకా సున్నం పట్టించుకుని దిగాను. పది ఇళ్ళ దూరం వెంట వచ్చింది. సున్నం నీళ్ళకి కొట్టుకుపోయి అడుగున నా ఉప్పు తగలగానే వదిలేసి వెనక్కి తిరిగింది. ఊరందరూ చూశారు.

జరీనా కొట్టు దిగి వచ్చింది. “నేను తీసుకెళ్తానండి. కాపోతే నాకు మెడ దాకా నీళ్ళంటే భయం. మా పాలెం పోయిన రోజు నించీ దిగలేదు.” ఆ ఉప్పు తలుపుకి అవతలే వాళ్ళ పాలెం ఉండేది.

“తాడు నేను పట్టుకుంటాను” అన్నాను. అది మంచితనం కాదు. అత్తగారు ఆఖరిసారి ఎవరి చెయ్యి పట్టుకుంటుందో దగ్గరుండి చూడాలనిపించింది.

రోహిణి కార్తె, అమావాస్య ముందు రోజు

ఇవాళ్టితో అత్తగారి ఆరోగ్యం గురించి రాయడం అయిపోయింది.

పొద్దెక్కాక, నీళ్ళు పాటు మీద ఉండగా బయల్దేరాం. జరీనా ఒడ్డు వెంబడి నడుం లోతులో నడుస్తోంది. ఆవిడ అరచేతిని పట్టుకుని అత్తగారు వెనకే వస్తోంది. వాళ్ళ పక్కన నేను. ఒక చేత్తో జరీనా నడుంకి కట్టిన తాడు, రెండో చేత్తో సున్నం డబ్బా. సున్నం తగ్గినప్పుడల్లా “అక్కా” అంటుంది, నేను కర్రతో తీసి ఆవిడ చేతికి రాస్తాను. ఇన్నేళ్ళు మొదటి మెట్టు మీద నిలబడ్డ పెద్దకోడలు చివరికి చిన్నకోడలికి సున్నం అందించే పనిలో కుదురుకుంది. ఒడ్డు మీద ఆదివారం జనమంతా నడుస్తున్నారు, ఎవరూ నవ్వలేదు.

ఉప్పు తలుపు దగ్గర నీళ్ళు జరీనా గొంతు దాకా వచ్చాయి. ఆవిడ పళ్ళు టకటకలాడుతున్నాయి. “వదిలెయ్యరు కదా?” అంది.

“వదలను.”

“మీకు నా మీద కోపం కదండీ.”

“కోపం కాదమ్మా, కుళ్ళు. తాడు పట్టుకోడానికి అదేం అడ్డు కాదు.”

ఆవిడకి ఆ భయంలోనూ నవ్వొచ్చింది. ఊపిరి బిగబట్టి మునిగి, భుజం దాకా చెయ్యి గడప కంతలో పెట్టింది. అత్తగారికి ఉప్పు తగిలింది. ఒళ్ళంతా ముడుచుకుంది. వెనక్కి వచ్చేస్తుందేమో, వస్తే ఒక్కసారి నా వైపు వస్తుందేమో అని చూశాను. ఊరి నీళ్ళు ఉప్పైపోతాయని తెలిసీ, ఒక్క క్షణం అలాగే కోరుకున్నాను. రాలేదు. జరీనా చెయ్యి ఎటు పోతే అటే పోయింది. కొంచెం కొంచెంగా మొత్తం కంతలోకి దూరింది. జరీనా ఊపిరికి లేచి మళ్ళీ మునుగుతోంది, నేను డబ్బా డబ్బా సున్నం లోపలికి అందిస్తున్నాను. నా వేలికి అత్తగారి ఒళ్ళు తగిలేసరికి అప్పటికే గవ్వలా బిరుసెక్కింది.

పోటు వచ్చింది. సముద్రం తలుపుని గుద్దింది. ఏసుదాసు ఇవతలి అడుగునీళ్ళు మాటిమాటికీ నోట్లో పోసుకుని చూశాడు. చాలాసేపటికి చెయ్యి ఊపాడు. కంత పూడిపోయింది.

జరీనాని ఒడ్డుకి లాగాం. పాలెం పోయిన నాడు కూడా ఇంతలా ఏడవలేదని చెబుతూ వెక్కివెక్కి ఏడ్చింది. ఆడవాళ్ళు చుట్టూ చేరి వీపు నిమిరారు. నేను తడి బట్టలతో దూరంగా నిలబడి చూశాను. ఆ ఏడుపు నాది. ఆ చేతులు నిమరవలసింది నా వీపు. అంత కష్టపడి వచ్చిన మనిషి మీద, అలాంటి సమయంలో కూడా, నాకు అసూయే వేసింది.

చీర కొంగు పిండుకుంటుంటే జరీనా మోచేతి వెనక అరచేతంత ముక్క అతుక్కుని కనబడింది. పచ్చగా ఉంది. బతికే ఉంది.

మృగశిర కార్తె, కొత్తనీళ్ళ రోజు

పొద్దున్న తూము ఎత్తారు. చెరువులో పడ్డ మొదటి నీళ్ళు ఏసుదాసు గ్లాసుతో ముంచి నాకే ఇచ్చాడు. పుక్కిలించి మింగాను. తియ్యగా ఉన్నాయి. ఊళ్ళో డప్పులు మోగాయి. రేవులో ఈసారి చేతులు ముంచే తంతు లేదు. అత్తగారు లేని కాలువలో మేమే నడుం లోతు దిగి, దంతెలతో బురద దేవి ప్యాకెట్లు లాగాం. చాలా కష్టమైన పని. ఇదంతా ఆవిడ ఒక్కతే చేసేదా అని అందరికీ ఇప్పుడు తెలిసింది.

పని అయ్యాక జరీనా, ఏసుదాసు మా ఇంటికి వచ్చారు. జరీనా చేతుల్లో మట్టి మూకుడు, అందులో ఆ ముక్క. ఇన్నాళ్ళూ చేతులు తగలనివ్వకుండా గరిటెతో నీళ్ళు మారుస్తూ సాకిందట. విత్తన కేంద్రం వాళ్ళు చెప్పారట, పెద్దదాన్నించి విడిపోయిన ముక్క నాలుగు రోజుల్లో పాత రుచులన్నీ మరిచిపోతుందని. ఇప్పుడు మొదట తగిలే చెయ్యే దానికి అమ్మ.

“సంఘం అంతా ఒకటే మాట అన్నాం. పెద్దకోడలే పెట్టాల” అన్నాడు ఏసుదాసు.

“పెట్టండి బాబాయ్‌గారూ” అంది జరీనా. మా అరుగు మీద మూకుడు నా ముందు పెట్టింది. ఇది రేవు కాదు గనక అక్కా అనలేదు.

ఈ మాట వస్తుందని నాకు ముందే తెలుసు. తెలిసి సిద్ధంగా ఉన్నాను. అమావాస్య వెళ్ళిన దగ్గర్నించీ జాడీలు ముట్టుకోలేదు. మాణిక్యం ఒక్కతే ఆవకాయ కలుపుకుంటోంది, నన్ను ఒక్క మాటా అనకుండా. రోజూ బూడిద, చింతపండు, కుంకుడు రసం. నా చేతులు పెళ్ళినాడు కూడా ఇంత శుభ్రంగా లేవు.

చెయ్యి మూకుడు మీదకి చాపాను. ఇంకా నీళ్ళు తగల్లేదు. నీడ పడిందో వేడి తగిలిందో, ఆ ముక్క అడుగు నించి కదిలి, నా వేళ్ళ కిందకి వచ్చి, అంచు పైకెత్తింది. నన్ను అడుగుతోంది. జరీనాని కాదు. నన్ను.

అందులో వేలు ముంచితే చాలు. మళ్ళీ మొదటి మెట్టు నాది, నేను పోయేదాకా.

నా చెయ్యి నేనే చూసుకున్నాను. పైకి శుభ్రంగానే ఉంది. గోరు పక్క చీలికలో సన్నగా తెల్లటి గీత. నాలుకతో తాకి చూశాను. ఉప్పు.

ఇప్పుడు కడిగేసుకున్నా వచ్చే రోహిణికి మళ్ళీ ఉంటుంది. ఇది నా చెయ్యి మీద ప్రేమతో మళ్ళీ ఓర్చుకుంటుంది. సముద్రం మళ్ళీ గడప కిందనించి వస్తే, అమ్మ వచ్చిందనుకుని నోరు మూసుకుంటుంది.

“నువ్వు పెట్టు” అన్నాను జరీనాతో.

“అదేంటండీ, మీదే కదా...”

“నాదే. అందుకే చెబుతున్నాను. ఉప్పు తగిలిన రోజే గోల పెట్టే అత్తగారు కావాలి ఈ ఊరికి. నా చేతుల్లో పెరిగింది గోల పెట్టదు. పెట్టు, నా మనసు మారకముందే.”

జరీనా నా మొహం చూసింది. చెంగుతో చెయ్యి తుడుచుకుని మూకుడులో ముంచింది. ఆ ముక్క నా వేళ్ళ నీడలోంచి మళ్ళింది. ఆవిడ చూపుడువేలు పట్టుకుని, చుట్టూ ఒకసారి తిరిగి, అరచేతిలో ముడుచుకుని పడుకుంది.

నేను చూడలేకపోయాను. లేచి లోపలికి వచ్చేశాను. వంటింట్లో మాణిక్యం మూడో రోజు ఆవకాయ బేసినులో తిరగ కలుపుతోంది. ఆవిణ్ణి పక్కకి జరగమని, చొక్కా చెయ్యి పైకి మడిచి, ఎర్రటి ఆ ముద్దలో మోచేతి దాకా చెయ్యి దించి కలిపాను. కమిలిన చోటల్లా భగ్గుమంది. బయట జరీనా ఆ ముక్కతో ఏదో ముద్దు మాటలు చెబుతోంది, గోడ ఇవతలకి వినిపిస్తూనే ఉన్నాయి.

మాణిక్యం నా కేసి కాసేపు చూసింది. ఒక కాయ ముక్క తీసి నోట్లో వేసుకుంది.

“ఉప్పు చాల్లేదండీ, ఇంకాస్త వెయ్యండి” అంది.

వేశాను.